చవక ఎందుకైందో తేల్చాలి: మూడు ప్రాంతాల మధ్య ఇల్లు ఎంచుకున్న ఒక కేసు

పెద్ద నగరంలో అద్దెకుంటున్న నలుగురి కుటుంబం. భార్య ఆఫీసు నగరం నడిబొడ్డున. వారానికి ఐదు రోజులు, ఉదయం తొమ్మిదికల్లా సీట్లో ఉండాలి. భర్త బయటి రింగు రోడ్డు పక్కనున్న ఆస్పత్రి ల్యాబులో పనిచేస్తారు. ఆయనకు మూడు షిఫ్టులు: పొద్దున ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది. ఆరేళ్ళ పాప ఉంది. భార్య తల్లికి 68 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. ఆవిడను ఇక్కడ అమ్మమ్మ అనే అందాం. ఇల్లు కొనడం వీళ్ళకిదే మొదటిసారి.

డబ్బు లెక్కలన్నిటికీ ఒకటే కొలత పెట్టాం: భార్యాభర్తలిద్దరి నెల జీతం కలిపి 100 యూనిట్లు. ఎవరైనా తమ జీతాన్ని 100గా పెట్టుకుని ఈ అంకెల్ని సరిచూసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ ఖర్చులు, సామాను మార్పిడి, ఆరు నెలల అత్యవసర నిధి పక్కన పెట్టాక చేతిలో మిగిలింది 1,500. మిగతాది 20 ఏళ్ళ లోను, వడ్డీ ఏటా 9 శాతం.

చూసిన ఇళ్ళు మూడు. పాతపేటలో మూడో అంతస్తు ఫ్లాట్, 80 చదరపు మీటర్లు, 22 ఏళ్ళ భవనం, ధర 6,200. నగరానికి 21 కిలోమీటర్ల దూరంలో లోకల్ రైలున్న శివారులో 105 చదరపు మీటర్ల ఇల్లు, 5,400. రింగు రోడ్డు అవతల 28 కిలోమీటర్ల దూరంలో కొత్త లేఅవుట్లో 130 చదరపు మీటర్ల విడి ఇల్లు, 5,000. ఇల్లు ఎంచుకోవడంలో సలహా కోసం మా దగ్గరకు వచ్చేసరికే వాళ్ళ మనసు మూడోదాని మీద ఉంది. అందులో వింతేం లేదు. అన్నిటికన్నా పెద్దది, అన్నిటికన్నా కొత్తది, అన్నిటికన్నా చవక.

వాళ్ళు తెచ్చిన మార్కుల పట్టిక

పన్నెండు అంశాలు, ఒక్కోదానికి పది మార్కులు. లేఅవుట్‌కి 91, రైలు శివారుకి 84, పాతపేటకి 79 వచ్చాయి. పట్టిక వేసుకోవడం మంచి అలవాటే, కానీ ఇందులో రెండు లోపాలున్నాయి. దాదాపు అందరి పట్టికల్లోనూ ఇవే కనిపిస్తాయి.

మొదటిది, ఒకే విషయాన్ని నాలుగు పేర్లతో లెక్కపెట్టడం. "విశాలంగా ఉంది", "కొత్తది", "పార్కింగ్ ఉంది", "ప్రశాంతంగా ఉంది" అని నాలుగు వరుసలు. ఈ నాలుగూ "ఊరికి దూరంగా కొత్తగా కట్టారు" అనే ఒక్క సంగతిలోంచే పుట్టాయి. దూరానికి మాత్రం ఒక్క వరుసే ఉంది. అంటే దూరం వల్ల వచ్చే లాభాలకు 40 మార్కులు, నష్టానికి 10.

రెండోది సగటు. బోరు నీళ్ళు తాగడానికి పనికిరావని తేలితే ఆ వరుసకు రెండు మార్కులు పడతాయి, మొత్తం 91 కాస్తా 85 అవుతుంది, ఇల్లు ఇంకా మొదటి స్థానంలోనే ఉంటుంది. ప్రాణానికి, లోనుకి ముడిపడ్డ విషయాల్ని సగటులో కలపకూడదు. వాటికి ముందే ఒక గీత గీసుకోవాలి. గీత దాటకపోతే ఆ ఇల్లు జాబితాలో ఉండదు. మిగిలినవాటి మధ్యే పోలిక. ఈ కుటుంబానికి ఐదు గీతలు పెట్టాం: హక్కు పత్రాల్లో చిక్కు లేకపోవడం, వరద నీరు చేరకపోవడం, తాగునీరు, రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషి పగలు నిద్రపోగలగడం, డ్రైవింగ్ తెలిసినవాళ్ళు ఇంట్లో లేనప్పుడు కూడా అమ్మమ్మ, పాప చిక్కుకుపోకుండా ఉండడం.

చివరి గీత మొదట్లో వాళ్ళ పట్టికలోనే లేదు. వారపు చిట్టా వేశాకే అది బయటపడింది.

వారపు చిట్టా

ప్రాంతాల్ని పోల్చేముందు, గడిచిన నాలుగు వారాల్లో ఇంట్లో ఎవరు ఎక్కడికి, ఎన్నింటికి, ఎవరి తోడుతో వెళ్ళారో రాయించాం. జ్ఞాపకం మీద ఆధారపడితే వారాంతపు షికార్లు ఎక్కువగా, మందుల షాపులు తక్కువగా గుర్తొస్తాయి. అందుకే బ్యాంకు మెసేజ్‌లు, క్యాబ్ బిల్లులు, క్యాలెండర్ చూసి రాయాలి.

సగటు వారంలో పెద్దలిద్దరి ఉద్యోగ ప్రయాణాలు 20, పాప స్కూలువి 10 తేలాయి. ఇవి కాక 14: సరుకులకు నాలుగు, అమ్మమ్మ నడకకు పార్కు మూడు, ఫిజియోథెరపీ రెండు, పాప సంగీతం క్లాసు రెండు, మందులు బ్యాంకు పనులు రెండు, బంధువుల ఇల్లు ఒకటి. ఈ 14ని మూడు ఇళ్ళ మీదా పెట్టి చూశాం. పాతపేటలో 11 నడిచే దూరంలో అయిపోతాయి. లేఅవుట్లో మూడే, అవీ లోపలి పార్కు కాబట్టి. మిగతా 11కి కారు, కారుకి డ్రైవరు కావాలి. ఆయన పొద్దున షిఫ్టు వారాల్లో ఏడున్నర నుంచి మూడింటిదాకా ఇంట్లో డ్రైవింగ్ తెలిసినవాళ్ళే ఉండరు. స్కూలు నుంచి పాపకు జ్వరమని ఫోనొస్తే వెళ్ళగలిగేది అమ్మమ్మ ఒక్కరే, ఆవిడ వెళ్ళే దారి మాత్రం ఫుట్‌పాత్ లేని సర్వీసు రోడ్డు.

ఇక్కడ ఒక చిన్న సలహా. మ్యాపులో స్కూలు 900 మీటర్లే అని కనిపిస్తే సంతోషపడకండి. నాలుగు వరుసల రోడ్డు దాటాలంటే ఆ 900 మీటర్లు కూడా కారు దూరమే. నడక నిమిషానికి 80 మీటర్ల చొప్పున లెక్కవేస్తాం. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు అందులో సగం, మధ్యలో కూర్చునే చోటు ఉందో లేదో విడిగా చూడాలి.

"సిటీకి 35 నిమిషాలే"

లేఅవుట్ కరపత్రంలో ఉన్న మాట ఇది. అబద్ధమని అనలేం. ఆదివారం ఉదయం లేఅవుట్ గేటు దగ్గర బయల్దేరి నగరం పొలిమేర తాకితే 35 నిమిషాలే పడుతుంది. ఆవిడ వెళ్ళాల్సింది మంగళవారం, ఆఫీసు సీటు దాకా.

ప్రయాణాన్ని గుమ్మం నుంచి గుమ్మం దాకా కొలవాలి. చెప్పులు వేసుకున్న దగ్గర్నుంచి సీట్లో కూర్చునేదాకా, అంటే పార్కింగ్ వెతకడం, లిఫ్టు కోసం ఆగడం, ప్లాట్‌ఫారం మీద నిలబడడం అన్నీ కలిపి. మంగళ, బుధ, గురువారాల్లో కొలవాలి. సోమ, శుక్రవారాలు, పండగ వారాలు, స్కూలు సెలవుల రోజులు దారి తప్పిస్తాయి. మ్యాప్ యాప్‌లో బయల్దేరే సమయం పెట్టకుండా చేరాల్సిన సమయం పెడితే "65 నుంచి 105 నిమిషాలు" అని ఒక పరిధి ఇస్తుంది. చాలామంది చిన్న అంకె చదువుకుని వెళ్ళిపోతారు. చూడాల్సింది పెద్దది. రవాణా ఇంజనీర్లు ప్రయాణపు నమ్మకాన్ని 95వ పర్సెంటైల్‌తో కొలుస్తారు, అంటే ఇరవై రోజుల్లో పందొమ్మిది రోజులు సమయానికి చేరాలంటే ఎంత ముందు బయల్దేరాలన్నది. నెలకు ఇరవై పనిదినాలు కాబట్టి, నెలకొక్కసారే ఆలస్యమయ్యే లెక్క అది.

ఆవిడ ఒకవైపు ప్రయాణం పాతపేట నుంచి బస్సులో 35 నిమిషాలు. రైలు శివారు నుంచి 62: స్టేషన్‌కి 2.4 కిలోమీటర్ల బండి ప్రయాణం 12, ప్లాట్‌ఫారం మీద 7, రైల్లో 34, దిగాక నడక 9. లేఅవుట్ నుంచి కారులో మామూలు రోజున 80, చెడ్డ రోజున 105. ఆయనకు లెక్క తిరగబడుతుంది. ఆస్పత్రికి పాతపేట నుంచి 40, రైలు శివారు నుంచి 22, లేఅవుట్ నుంచి 18.

ఇద్దరివీ కలిపితే వారానికి పాతపేటలో 12 గంటల 30 నిమిషాలు, రైలు శివారులో 14 గంటలు, లేఅవుట్లో 16 గంటల 20 నిమిషాలు. పాతపేటకీ రైలు శివారుకీ తేడా గంటన్నర. "దూరం కదా" అనుకున్నప్పుడు ఊహించిన దానికన్నా ఇది చాలా తక్కువ. ఇద్దరు ఉద్యోగస్థులున్న ఇంట్లో ఒకరి దూరం ఇంకొకరి దగ్గర అవుతుంది. ఒక్కరి ఆఫీసు చుట్టూ గీసిన వృత్తం ఇలాంటి ఇళ్ళకు పనికిరాదు.

ఇటలీ భౌతిక శాస్త్రవేత్త చెజారె మార్కెట్టి 1994లో ఒక విషయం రాశాడు: రవాణా ఎంత వేగవంతమైనా మనుషులు సగటున రోజుకు గంట దాకానే ప్రయాణానికి ఇస్తారు. ఆవిడకు రైలు శివారులో రోజుకు రెండు గంటలు. అంటే ఆ హద్దుకి రెట్టింపు. రైల్లో చదువుకోవచ్చు, కునుకు తీయొచ్చు అన్నది నిజమే గాని, అది సీటు దొరికితేనే. ఉదయం 7:40 రైలు ఆ స్టేషన్‌కి వచ్చేసరికి సీట్లుంటాయా అని ఎక్కి చూడమన్నాం. ఉన్నాయి. అది రైలు బయల్దేరే చోటు నుంచి రెండో స్టేషన్. ఇంకో మూడు స్టేషన్లు నగరం వైపు జరిగితే ఆరు నిమిషాలు కలిసొచ్చేవి, అంతా నిలబడే వెళ్ళాల్సొచ్చేది.

నెల ఖర్చు

పాతపేట: ఈఎంఐ 42.3, మెయింటెనెన్సు, మరమ్మతుల నిధి 5, ఆవిడ బస్సు 1, ఆయన కారు 9. మొత్తం 57.3.

రైలు శివారు: ఈఎంఐ 35.1, నిర్వహణ 3, రైలు పాసు 2, స్టేషన్ దాకా బండి 1.5, ఆయన కారు 6. మొత్తం 47.6.

లేఅవుట్: ఈఎంఐ 31.5, నిర్వహణ 4, ఆవిడ కారు 11, నగరంలో పార్కింగ్ 3, ఆయన కారు 6, స్కూలు బస్సు 2. మొత్తం 57.5.

అన్నిటికన్నా చవక ఇల్లు, అన్నిటికన్నా ఖరీదైన ఇంటికన్నా రవ్వంత ఎక్కువే తేలింది. రెండో కారే దీన్ని తిప్పేసింది. కారు ఖర్చంటే చాలామంది పెట్రోలు ఒక్కటే రాస్తారు. బీమా, సర్వీసు, టైర్లు, ఏటా పడిపోయే విలువ కలిపి నెలకు పంచి రాయాలి. పడిపోయే విలువే చాలాసార్లు అన్నిటికన్నా పెద్ద పద్దు. జేబులోంచి ఏ నెలా విడిగా పోదు కాబట్టి దాన్నెవరూ రాయరు.

దీనికొక న్యాయమైన అభ్యంతరముంది: ఈఎంఐలో కొంత అసలు తీరుతుంది, అది పొదుపే కదా, కారు మీద పోయింది తిరిగి రాదు కదా అని. కరెక్టే, ఆ లెక్క పాతపేటకే అనుకూలం. కాకపోతే 20 ఏళ్ళ లోనులో 9 శాతం మీద మొదటి నెల ఈఎంఐలో అసలు ఆరో వంతే. 42.3లో 35.25 వడ్డీ. మొదటి ఐదారేళ్ళు దాన్ని పొదుపనుకోవడం కొంచెం ఆశ. పైగా వడ్డీ మారే లోను. 11 శాతానికి పెరిగితే పాతపేట ఈఎంఐ 48.5, మొత్తం ఖర్చు 63.5. ఒక జీతం ఆగితే అత్యవసర నిధి మీద పడే అంకె అది.

అమెరికాలో సెంటర్ ఫర్ నైబర్‌హుడ్ టెక్నాలజీ అనే సంస్థ ఇంటికీ రవాణాకీ కలిపి ఆదాయంలో 45 శాతం దాటకూడదని ఒక కొలత పెట్టింది. ఇంటికి 30, ప్రయాణాలకు 15. ఈ మూడూ ఆ 45 శాతం దాటాయి. రైలు శివారు కొంచెంగా, మిగతా రెండూ బాగా. ఆ అంకెను వేదవాక్కుగా పట్టుకోనక్కర్లేదు. ఇంటి ధరకు ప్రయాణపు ధర కలిపాకే ప్రాంతాల్ని పోల్చాలన్నదే అందులో అసలు సారం.

తగ్గింపు దేనికి?

నగరం నుంచి దూరం పెరిగేకొద్దీ నేల ధర ఎందుకు పడుతుందో విలియం అలాన్సో అనే ఆర్థికవేత్త 1964లో లెక్కల్లో చూపించాడు. కొనేవాళ్ళు ప్రయాణానికి పోయేదాన్ని ధరలోంచి తీసేసుకుంటారు కాబట్టి. అంటే దూరానికి తగ్గాల్సింది మార్కెట్ ముందే తగ్గించేసింది. దానికి మించి తగ్గిందంటే ఇంకేదో కారణముంది. అందుకని ప్రతి ఇంటినీ రెండుసార్లు పోల్చాలి: పక్క ప్రాంతంతో ఒకసారి, అదే ప్రాంతంలోని పక్క ఇళ్ళతో ఒకసారి. రెండో పోలికలోనే అసలు సంగతులు బయటికొస్తాయి.

లేఅవుట్లో వీళ్ళు చూసిన ఇల్లు గేటు దగ్గరి అలాంటి ఇళ్ళకన్నా 8 శాతం తక్కువ. "చివర్లో ఉంది కదా" అన్నాడు అమ్మే అతను. ఎత్తుల మ్యాపు తీసి చూస్తే గేటు నుంచి 400 మీటర్లలో నేల మూడున్నర మీటర్లు పల్లానికి దిగింది. పల్లం చివర రింగు రోడ్డు కట్ట. నీళ్ళు దాని కింద నుంచి పోవడానికి 600 మిల్లీమీటర్ల పైపు ఒకటి, సగం మట్టితో పూడి ఉంది. పెద్ద వాన పడితే ఆ రోడ్డు కట్ట ఆనకట్ట అయి కూర్చుంటుంది. నాలుగేళ్ళుగా నీళ్ళు రాలేదని అక్కడివాళ్ళు చెప్పింది నిజమే కావచ్చు. నాలుగేళ్ళ క్రితం ఎగువన పొలాలుండేవి, వాన నీళ్ళు ఇంకేవి. ఇప్పుడక్కడ సిమెంటు రోడ్లు పడుతున్నాయి.

ఆనవాళ్ళు కళ్ళముందే ఉన్నాయి. చివరి రెండు వీధుల్లో మూడిళ్ళలో నీళ్ళ మోటారు మోకాలెత్తు దిమ్మె మీద ఉంది. ఒక ప్రహరీ మీద నేల నుంచి 40 సెంటీమీటర్ల ఎత్తున తెల్లటి ఉప్పు చార గీత గీసినట్టు పాకి ఉంది. కొత్తగా రంగు వేసిన ప్రహరీ ఒక్కటే ఆ వీధిలో ఉంటే దాని పక్కదాన్ని చూడాలి. ఏడాదికి ఒక శాతం అవకాశమున్న వరదను "వందేళ్ళ వరద" అంటారు గాని, 20 ఏళ్ళ లోను కాలంలో అది ఒక్కసారైనా వచ్చే అవకాశం 18 శాతం. మన జీవితకాలంలో రాదులే అనిపించేది ఆ పేరు వల్లే.

నీళ్ళ ట్యాంకరు డ్రైవరును కదిపితే మిగతాది తెలిసింది. "ఆ చివరి రెండు వీధులకే సార్ మా ట్రిప్పులన్నీ. ఎండాకాలం రోజుకి నాలుగు. పై వీధులవాళ్ళు మమ్మల్ని పిలవరు," అన్నాడు ఆయనతో. ఏ వీధికి బోరు ఎండుతుందో ట్యాంకరు డ్రైవరుకీ, ఎక్కడ డ్రైనేజీ పొంగుతుందో చెత్త బండి తోలే మనిషికీ తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. వాళ్ళకు అమ్మాల్సిన ఇల్లేమీ లేదు కూడా. బోరు నీళ్ళు ల్యాబుకి పంపితే కరిగిన లవణాలు లీటరుకు 1,350 మిల్లీగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం 600 లోపైతే రుచి బాగుంటుంది, 1,000 దాటితే తాగడానికి సహించదు. ఈ పరీక్ష వానలు పడ్డాక చేయిస్తే అంకె అందంగా వస్తుంది. ఎండాకాలం చివర్లో చేయించాలి.

రింగు రోడ్డు 180 మీటర్లలో ఉంది. పెద్ద రోడ్లకు 300 నుంచి 500 మీటర్ల లోపు వాహనాల కాలుష్యం ప్రభావం ఎక్కువని అమెరికాలోని హెల్త్ ఎఫెక్ట్స్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ 2010 నివేదికలో తేల్చింది. పెద్దావిడ, చిన్నపిల్ల ఉన్న ఇంటికి అదీ పట్టించుకోవాల్సిందే. కానీ వరద, తాగునీరు, చిక్కుకుపోవడం అనే గీతల దగ్గర అప్పటికే ఆగిపోయింది కాబట్టి ఇది వాదనకే రాలేదు. లేఅవుట్ జాబితాలోంచి తీసేశాం.

ఇక రాబోయే మెట్రో, రాబోయే స్కూలు. కరపత్రంలో రెండూ ఉన్నాయి. మా పద్ధతిలో ప్రకటనకు సున్నా, టెండరుకు సున్నా, పట్టాలు పడుతుంటే కొంచెం. ప్రకటించిన రోజే ధరలో దాన్ని కలిపేస్తారు. కొనేవాళ్ళు ఇవాళ డబ్బిచ్చి, రైలు వచ్చేదాకా ఎదురుచూపు కూడా తామే మోస్తారు.

పాతపేట ఫ్లాట్ పక్క భవనాల్లోని అలాంటి ఫ్లాట్లకన్నా చవకే. అక్కడ కారణం వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఫ్లాటు ఓనర్ల సంఘం నిధి ఖాళీ. లిఫ్టు మార్చాలి, పైకప్పు లీకు, బాల్కనీ కమ్మీలు తుప్పు పట్టి కాంక్రీటు పెచ్చులూడుతోంది. ఈ ఫ్లాటు వాటా ఐదేళ్ళలో దాదాపు 120 యూనిట్లు. పైన నెలకు 5లో 2 దీనికే. ఇలాంటి భవనంలో ఫ్లాటు చూసేముందు సంఘం మూడేళ్ళ మీటింగు పుస్తకం అడిగి చదవాలి. గొడవలన్నీ అందులోనే ఉంటాయి. ఇంకో సంగతి: వీధి రోడ్డును పాతది చెక్కకుండా దాని మీదే మళ్ళీ మళ్ళీ వేయడంతో భవనం గుమ్మం ఇప్పుడు రోడ్డుకన్నా 20 సెంటీమీటర్లు కిందుంది. ఇంట్లోకి నీళ్ళు రావు, మూడో అంతస్తు కదా. లిఫ్టు గుంట, కరెంటు ప్యానెలు, పంపు మాత్రం కింద ఉన్నాయి. లిఫ్టు ఆగితే అమ్మమ్మ మూడో అంతస్తులోనే.

అయినా పాతపేట గీతల దగ్గర ఆగలేదు. ఆగింది డబ్బు దగ్గర.

రైలు శివారు, మొదటి ఇల్లు

ఇదీ చుట్టుపక్కల ఇళ్ళకన్నా తక్కువే. కారణం 90 మీటర్ల దూరంలో పట్టాలు, దగ్గర్లో లెవెల్ క్రాసింగు. క్రాసింగు దగ్గర ప్రతి బండీ హారన్ కొడుతుంది. ఇల్లు చూపించిన గంటలో ఒక్క రైలే వచ్చింది. రోజంతా టైంటేబుల్ తీసి, గూడ్సు బళ్ళు కూడా అడిగి కలిపితే కథ వేరు.

ఫోన్ యాప్‌తో శబ్దం కొలిచాం. రైలు వెళ్తున్నప్పుడు కిటికీ బయట 82 డెసిబెల్సు, మూసిన కిటికీ లోపల పడకగదిలో 57, రైళ్ళ మధ్య 41. ఫోన్ మైకు ఖచ్చితమైనది కాదు. కానీ ఒకే ఫోన్‌తో రెండు ఇళ్ళు పోల్చడానికి సరిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో యూరప్‌కి ఇచ్చిన మార్గదర్శకాల్లో రైలు శబ్దం రాత్రి సగటున 44 డెసిబెల్సు మించకూడదని ఉంది. దాన్ని ఈ 57తో నేరుగా పోల్చకూడదు. అది రాత్రంతటి సగటు, అదీ ఇంటి బయట కొలిచేది. ఇది ఒక్క బండి పోయేటప్పటి గరిష్ఠం. నిద్రకు మాత్రం సగటుకన్నా ఎన్నిసార్లు ఉలిక్కిపడి లేచారన్నదే ముఖ్యం. 41 నుంచి 57కి ఎగరడమంటే వినేవాళ్ళకు మూడింతలు పెరిగినట్టుంటుంది. ఆయన రాత్రి డ్యూటీ చేసి పొద్దున ఏడున్నరకు పడుకుంటారు. లోకల్ రైళ్ళు ఎక్కువగా తిరిగేది అప్పుడే. నాలుగో గీత దగ్గర ఈ ఇల్లు పోయింది.

పోయింది ఇల్లే. ప్రాంతం మిగిలే ఉంది. మూడు ఇళ్ళు చూసి మూడూ బాగోలేదనిపిస్తే జనం నాలుగో ప్రాంతానికి పరిగెడతారు. అదే ప్రాంతంలో ఇంకో వీధికి వెళ్ళాలని తోచదు. వరద, శబ్దం, నీళ్ళు, నడక దూరం లాంటివాటిలో ఒక ప్రాంతంలోని రెండు వీధుల మధ్య తేడా తరచూ రెండు ప్రాంతాల సగటుల మధ్య తేడాకన్నా పెద్దది.

అందుకని రైలు శివారు మ్యాపు తీసుకుని కొట్టివేతలు మొదలుపెట్టాం. స్టేషన్ నుంచి 800 మీటర్ల నడక దాటినవి కొట్టేశాం. పట్టాలకు 250 మీటర్ల లోపువి, మధ్యలో భవనాల అడ్డం లేకపోతే, కొట్టేశాం. రోడ్డు, రైలు లాంటి బారు శబ్దం దూరం రెట్టింపైతే 3 డెసిబెల్సే తగ్గుతుంది. రెండు వరుసల ఇళ్ళు అడ్డుంటే అంతకన్నా బాగా తగ్గుతుంది. వాగు వైపు పల్లపు వీధుల్ని తీసేశాం. నాలుగు వీధులు మిగిలాయి. వాటిలో గత ఏడాది రిజిస్టరైన అమ్మకాల ధరలు తీశాం. అడిగే ధరలు ఎంతైనా అడగొచ్చు, జరిగిన ధరలే ధరలు. ఇల్లు మార్కెట్లో పెట్టి ఎన్నాళ్ళయిందో కూడా చూశాం. రేపు మనం అమ్మాల్సొచ్చినా అన్నాళ్ళే పడుతుంది.

దొరికిన ఇల్లు స్టేషన్‌కి 650 మీటర్లు, పట్టాలకు 400 మీటర్లు, 92 చదరపు మీటర్లు. మొదటిదానికన్నా చిన్నది. 5,950 అడిగారు, ఆ వీధి అమ్మకాలు చూపిస్తే 5,700కి దిగారు. ఈఎంఐ 37.8. స్టేషన్ బండి ఖర్చు 1.5 పోయింది కాబట్టి మొత్తం 48.8. మొదటి ఇంటికన్నా నెలకు 1.2 ఎక్కువ. ఆవిడ ప్రయాణం 58 నిమిషాలు, కలిసొచ్చింది నాలుగే. కానీ ఆ 14 చిల్లర ప్రయాణాల్లో ఎనిమిది నడకలో అయిపోతాయి, సంగీతం క్లాసుతో సహా.

అడ్వాన్సు ఇచ్చేముందు వీధిని వేర్వేరు వేళల్లో చూడమన్నాం: పనిదినం ఉదయం ఏడు, సాయంత్రం ఆరు, రాత్రి పదకొండు, శనివారం రాత్రి, గట్టి వాన వెలిసిన అరగంటకి. చివరిది అన్నిటికన్నా విలువైనది, అందరూ వాయిదా వేసేదీ అదే. సాయంత్రం ఆరింటికి తెలిసింది ఒకటే: స్టేషన్‌కి వచ్చినవాళ్ళు ఈ వీధిలో బళ్ళు నిలుపుతారు, గేటుకు అడ్డంగా కూడా. కొనకుండా ఆపేంత విషయం కాదు గానీ, కారు లోపల పెట్టుకునే చోటున్న ఇల్లే కావాలనడానికి చాలు.

అగ్రిమెంటులో మూడు షరతులు రాయించాం. నీటి పరీక్ష ఫలితం నచ్చకపోతే అడ్వాన్సు వాపసు. వెనక స్థలం కిందుగా పోయే పక్కింటి డ్రైనేజీ పైపు మీద హక్కులు కాగితం మీద తేలాలి. స్వాధీనం చేసేరోజు ఉదయం ఆరింటికి పైఅంతస్తు కుళాయిలో నీళ్ళు రావాలి. మూడోది నవ్వులాటగా ఉంటుంది గాని, అమ్మేవాళ్ళు ఇల్లు చూపించేది ట్యాంకు నిండిన మధ్యాహ్నప్పూటే.

చేరిన తొమ్మిది నెలలకు లెక్కలు సరిచూశాం. ఆవిడ ప్రయాణం మామూలు రోజున 57 నిమిషాలు, ఇరవైలో ఒక చెడ్డ రోజున 84, రైలు రద్దయినప్పుడు. ఖర్చులో కొత్తగా చేరింది 0.8 యూనిట్లు. నెలాఖరు పనుల వల్ల ఆవిడ ఆఫీసులో నెలకు రెండు రాత్రులు పదకొండు దాటుతోంది, చివరి లోకల్ 10:40కే వెళ్ళిపోతుంది. ఆ రెండు రాత్రులూ క్యాబ్. రైలు మీద ఆధారపడే ఇళ్ళ పట్టికల్లో ఇప్పుడు "చివరి రైలు ఎన్నింటికి, నెలకు ఎన్నిసార్లు అది దాటుతుంది" అని ఒక వరుస అదనంగా ఉంటుంది, క్యాబ్ ఖర్చుతో సహా.